ఇరవయ్యో నీలం బొట్టు

గురువారం ఉదయం పదకొండుకు పది నిమిషాలు. స్టేషన్లో నా ఎదురుగా కూర్చున్న కోకిల అప్పటికి నాలుగోసారి అదే మాట చెప్పింది.

“నీలం బొట్టు ఉండాదక్కా. అందుకే పెట్టినాను.”

పక్క టేబులు దగ్గర ఇన్‌స్పెక్టర్ సుందర్‌రాజ్ కాగితాల్లోంచి తల ఎత్తకుండానే నవ్వాడు. నిన్నటి నుంచీ ఈ పిల్ల ఇదే పాట పాడుతోందనీ, పిచ్చిదానిలా మాట్లాడితే కేసు వీగిపోతుందని ఎవరో నేర్పి ఉంటారనీ అతని ఉద్దేశం. నాకు నవ్వు రాలేదు. అబద్ధం చెప్పేవాళ్లు నాలుగోసారికి ఏదో ఒక ముక్క మారుస్తారు, లేకపోతే కథకు కొంచెం నగిషీ పెడతారు. ఈమె రెండూ చేయలేదు. అలాగని నేను నమ్మేశానా అంటే, అదీ లేదు. పన్నెండేళ్లుగా ప్రైవేట్ డిటెక్టివ్ పనిలో ఉన్న ఈ శ్రీప్రియ ఎవరినైనా ఇట్టే నమ్మిందంటే మా వీధిలో ఎవరూ ఒప్పుకోరు. అంతకు ముందు తొమ్మిదేళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేశాను. మనుషులను నమ్మకపోవడం అక్కడే మొదలైంది.

కేసు పైకి చాలా తేలిక. టి. నగర్‌లో చీరల కొట్టున్న చెంగల్రాయుడుగారికి డెబ్బై నాలుగేళ్లు, వెన్నెముకలో క్యాన్సర్. నొప్పి తట్టుకోవడానికి వీపు మీద, భుజాల మధ్య, మందు ప్యాచ్ ఒకటి అతికిస్తారు. అందులో మందు చర్మం గుండా మూడు రోజుల పాటు కొద్దికొద్దిగా లోపలికి దిగుతుంది. దాని మీద వేడి తగలకూడదు. తగిలితే రోజుల తరబడి దిగాల్సిన మందు ఒక్కసారిగా దిగుతుంది, మనిషి నిద్రలోకి జారి ఊపిరి తీసుకోవడం మరిచిపోతాడు. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి ఆ ఇంట్లో ఆయాగా పనిచేస్తున్న కోకిల, సరిగ్గా ఆ ప్యాచ్ మీద వేడినీళ్ల బ్యాగు పెట్టింది. మూడూ పదికి పెద్దాయన పోయాడు. నాలుగింటికి వచ్చిన డాక్టరు కంటిపాపలు సూదిమొనల్లా కుంచించుకుపోయి ఉండడం చూసి, మందు ఎక్కువైందని అనుమానించి, సర్టిఫికెట్ ఇవ్వనని పోలీసులకు ఫోను చేశాడు. ఆరింటికి పోలీసులు వచ్చారు.

నొప్పిలో పెద్దాయన ఆయాను నోటికొచ్చినట్టు తిట్టేవాడట. తిట్లు పడలేక తెలిసే చేసిందని సుందర్‌రాజ్ రాసుకున్నాడు. నిన్న రాత్రి అరెస్టు చూపించాడు, ఈ సాయంత్రం నాలుగింటికి మేజిస్ట్రేట్ ముందు పెడతాడు. ఆ తర్వాత ఆమెను బయటికి తేవడం నా వల్ల కాదు. వ్యాసర్పాడి యార్డులో మూటలు మోసే ఆమె భర్త కోటి నిన్న నా ఆఫీసు గుమ్మంలో నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, “దానికి ఈగను కొట్టేది కూడా రాదమ్మా” అని మాత్రం చెప్పి వెళ్లాడు.

“బొట్టు ఎవరు పెట్టారు?” అని అడిగాను.

“జెబ సిస్టర్ అక్కా. నాకు చదువు రాదు గదా. మమ్మల్ని పనికి పంపే ఏజెన్సీ కాగితం ఇంగ్లీషులో ఉంటాది. అందుకని సిస్టరు సామాన్లకి స్టిక్కర్ బొట్లు అతికించింది. ఎర్రది ఉంటే నర్సు పని, నేను ముట్టకూడదు. నీలంది ఉంటే నేను చెయ్యొచ్చు.”

మిగతాది ముక్కలు ముక్కలుగా చెప్పింది. నర్సు జెబకు చూడాల్సిన ఇళ్లు అయిదు. ఈ ఇంటికి మూడు రోజులకోసారి వచ్చి ప్యాచ్ మార్చి అరగంటలో వెళ్లిపోతుంది. మిగిలిన పనంతా ఆయా చేతుల్లోనే. మొదట్లో స్నానం బక్కెటుకీ తువ్వాలుకీ మాత్రమే నీలం బొట్టు ఉండేది. ఒక్కో పనీ జెబ మూడుసార్లు చేసి చూపించి, మూడుసార్లు చేయించి, అప్పుడు ఎర్రది తీసి నీలంది పెట్టేది. అలా నాలుగు నెలల్లో పందొమ్మిది నీలం బొట్లు వచ్చాయి. ఇరవై అయితే ట్రైనింగుకు పంపమని ఏజెన్సీకి ఉత్తరం రాస్తానని జెబ మాటిచ్చింది.

“వేడినీళ్ల బ్యాగుకి ముందు ఏ రంగుంది?”

“ఎర్రది. ఆదివారం నాకు ఆఫ్. సోమవారం వచ్చి చూస్తే నీలంది ఉండాది. మంగళవారం ఆయన వీపు నొప్పి, వీపు నొప్పి అని అరస్తా ఉన్నాడు. నీళ్ల సంచి పెట్టేది ఎవరికి తెలీదక్కా, దానికి నేర్పించాల్నా?”

“రంగు ఎందుకు మారిందని జెబను అడిగావా?”

అంతవరకూ తడుముకోని మనిషి చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

“అడగలేదక్కా. అది ఇరవయ్యోది. అడిగితే, తప్పుగా అతికించినానే అని తీసేస్తాదేమో అనుకున్నా.”

ఆసుపత్రిలో మొదటిసారి నా చేతికి ఇంజెక్షన్ ట్రే ఇచ్చిన రోజు నేనూ ఏమీ అడగలేదు, ఎక్కడ తిరిగి తీసేసుకుంటారో అని.

సుందర్‌రాజ్ లేచి వచ్చాడు. ఇంట్లో తెలుగు, ఉద్యోగంలో తమిళం మాట్లాడే మనిషి. నాతో మాత్రం వెక్కిరించాలనుకున్నప్పుడే తెలుగులోకి దిగుతాడు.

“మేడమ్, ఆ నర్సమ్మ స్టేట్‌మెంట్ నా దగ్గర ఉండాది. బొట్లూ లేవు, బిళ్లలూ లేవు, పనులన్నీ కాగితంలో రాసిచ్చినాను, వేడినీళ్ల బ్యాగు ముట్టొద్దని నోటితో చెప్పినాను అని సంతకం పెట్టింది. ఇంగ ఏం కావాల?”

“బ్యాగు ఫోటో.”

చూపించాడు. మంగళవారం ఆరుంబావుకు తీసింది. బ్యాగు మూతి పక్కన గుండ్రంగా, ఎర్రగా ఒక బొట్టు.

“బొట్లే లేవని నర్సమ్మ సంతకం పెట్టింది. మరి ఇదేమిటి సార్? వేడినీళ్ల బ్యాగుకు బొట్టు పెట్టే ఆచారం మీ ఇంట్లో ఉందా?”

అతను ఫైలు మూశాడు. ఉన్నా అది ఎర్రది, ఆ పిల్ల చెప్పే నీలంది కాదు గదా అన్నాడు. అది నిజమే. గది చూడాలన్నాను. మీరు కొత్తగా ఏం ఏరతారో నేనూ చూస్తానని తనే జీపు తీయించాడు.

పన్నెండుంబావుకు చెంగల్రాయుడుగారి గదిలో ఉన్నాం. మంచం, బల్ల, ఆక్సిజన్ సిలిండరు, మూలన స్నానాల గది తలుపు. ఒక్కసారి కళ్లు తిప్పితే చాలు. సిలిండరుకు ఎర్ర బొట్టు. ప్యాచ్‌లు పెట్టే డబ్బాకు ఎర్రది. థర్మామీటరుకు నీలంది, పాలగ్లాసుకు నీలంది, దువ్వెనకు కూడా నీలందే. జెబ క్రైస్తవురాలు, తన నుదుట బొట్టు పెట్టుకోని మనిషి. ఈ గదిలో మాత్రం దేన్నీ బోసిగా వదల్లేదు.

సుందర్‌రాజ్ గడ్డం గోక్కున్నాడు. ఇంట్లో ఆడవాళ్లు అతికించినవి అనుకున్నాడట. సిలిండరుకు కూడానా సార్ అని అడగాలనిపించింది గానీ మానుకున్నాను.

బ్యాగు సీలు చేసిన కవరులో అతని చేతిలోనే ఉంది. కిటికీ దగ్గర పెట్టి చూశాను. గదిలో మిగతా ఎర్ర బొట్లన్నీ నాలుగు నెలల నాటివి. రంగు వెలిసి, అంచుల చుట్టూ పౌడరు, దూది నూగు పేరుకుని ఉన్నాయి. బ్యాగు మీది బొట్టు ఇప్పుడే ప్యాకెట్టులోంచి తీసినట్టుంది. అదే మాట చెప్పాను. పాతది ఊడిపోతే కొత్తది పెట్టి ఉంటారన్నాడు. ఎవరు పెట్టారంటే ఎవరో ఒకరన్నాడు. కేసులో నాకు గిట్టని మనిషి ఎవరైనా ఉంటే అది ఈ ‘ఎవరో ఒకరు’.

కోడలు చాందినిని పిలిచాను. ముప్పై దాటిన మనిషి, రెండు రోజులుగా నిద్ర లేని కళ్లు. మొదట్నుంచీ నా అనుమానం ఈవిడ మీదే. ఇంట్లో ఉన్నది ఈవిడే, పెద్దాయన తిట్లు ఎక్కువగా తిన్నదీ ఈవిడే. నేను నిమిషాల లెక్కన అడుగుతూ పోయాను. మంగళవారం రెండింటికి ఎక్కడున్నారు? వంటింట్లో. బ్యాగులో నీళ్లు ఎవరు పోశారు? ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. తర్వాత నేల వైపు చూసింది.

“నేనే పోసినాను. కోకిల సంచి పట్టుకుంది. పోలీసులకి చెప్పలేదు. నా మీదికి వస్తాదని భయం.”

“సంచి మూతి దగ్గర బొట్టు చూశారా?”

“చూసినాను. నీళ్లు ఒలికి దాని మీద పడితే కోకిల కొంగుతో తుడిచింది. ఊడిపోతాదేమో అని అంత జాగ్రత్తగా. నీలం బొట్టు.”

ఇంతసేపూ ఈవిడను అనుమానించినందుకు నాకు సిగ్గేసింది. అయినా అడగడం ఆపలేదు. పెద్దాయన పోయాక కోకిల ఎక్కడుందంటే, మూడుంబావుకే తన భర్త యువరాజ్ ఆమెను గదిలోంచి పంపేశాడనీ, పోలీసులు తీసుకెళ్లేదాకా మెట్ల మీదే కూర్చుని ఏడ్చిందనీ, ఇరుగూ పొరుగూ అందరూ చూశారనీ చెప్పింది.

రెండింటికి నీలం. ఆరుంబావుకు ఎర్రది. మూడుంబావు నుంచీ కోకిల మెట్ల మీద.

అయితే తీసిన నీలం బొట్టు ఏమైనట్టు? చెత్తబుట్ట పోలీసులు అప్పుడే వెతికారు, లేదు. జేబులో వేసుకున్నారా, బయట పారేశారా అని సుందర్‌రాజ్ ఆలోచిస్తున్నాడు. మగవాడు కనక అలాగే ఆలోచిస్తాడు. బొట్టు బిళ్ల తీసిన ఆడమనిషి చేయి చెత్తబుట్ట వైపు వెళ్లదు. ఎక్కడ అద్దం కనిపిస్తే అక్కడికి వెళుతుంది. మా ఇంట్లో అద్దం అంచున ఇప్పటికీ ఏడున్నాయి.

స్నానాల గది తలుపు తీశాను. ఆయాలు వాడుకునే చిన్న అద్దం. అంచున నాలుగు బొట్లు. మూడు చిన్నవి, నల్లవి, కోకిల పెట్టుకునేవి. నాలుగోది పెద్దది, నీలంది. సుందర్‌రాజ్ ఇచ్చిన చిన్న పటకారుతో దాన్ని మెల్లగా లాగి వెనక్కి తిప్పాను. జిగురు మీద సన్నగా, వరసగా గీతలు. బ్యాగు రబ్బరు మీద ఉండే గాడుల అచ్చు. కవరు మీదుగానే పక్కన పెట్టి చూపించాను. గీతకు గీత సరిపోయింది.

“ఆ పిల్లే తీసి అతికించి ఉండొచ్చు గదా, మెట్ల మీదికి పోయే ముందు?” అన్నాడు.

“తనని కాపాడే సాక్ష్యం అదొక్కటే సార్. దాన్ని తనే తీసేసి, తనని ఇరికించే ఎర్రది పెట్టుకుంటుందా?”

అతనికి కోపం వచ్చింది. స్టేషన్ డ్యూటీ ఏమిటో తనకు ఒక మాజీ నర్సు నేర్పక్కర్లేదనీ, నాలుగింటికి రిమాండు ఆపాలంటే బొట్టు బిళ్ల చాలదు, మనిషి కావాలనీ గట్టిగానే అన్నాడు. నేనూ తగ్గలేదు. చదువు రాని పిల్ల ఒకే మాట నాలుగుసార్లు చెబితే పిచ్చి అన్నారు, చదువుకున్న నర్సు ఒక్కసారి అబద్ధం చెబితే సంతకం పెట్టించుకున్నారు అన్నాను. చాందిని మా ఇద్దరికీ మధ్య మంచినీళ్ల గ్లాసులు పెట్టి పక్కకు జరిగింది. అతను నీళ్లు తాగాడు. తాగి, ఆమె వైపు తిరిగి, మంగళవారం మూడుంబావుకూ ఆరుకూ మధ్య ఈ గదిలోకి ఎవరెవరు వచ్చారో తనే అడిగాడు. అంతవరకు మనిషి న్యాయంగానే ఉన్నాడు.

యువరాజ్, డాక్టరు, కింది ఇంటివాళ్లు ఇద్దరు. ఇంకా, అయిదింటికి ఏజెన్సీ నుంచి ఒక ఆయా. కోకిల టిఫిన్ డబ్బా, సంచీ తీసుకుపోవడానికి వచ్చానందట. గదిలోకి ఒక్కతే వెళ్లింది, రెండు నిమిషాల్లో వచ్చేసింది. పేరు చాందినికి తెలియదు. ఆదివారాలు కోకిల బదులు వచ్చే ఆవిడే.

ఒకటిన్నరకు జెబ వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, తెల్ల కోటు మడతలు నలగకుండా నిలబడింది. బొట్ల సంగతి మళ్లీ తెలియదంది. నేను ఆమె చేయి పట్టుకుని గదిలో సిలిండరు నుంచి దువ్వెన దాకా నడిపించాను. దువ్వెన దగ్గర ఏడ్చేసింది. ఏజెన్సీ రాతపూర్వకంగా తప్ప పనులు అప్పగించకూడదంటుంది, చదువు రాని ఆయాలను మాత్రం పంపిస్తుంది. బొట్ల విషయం బయటపడితే తన రిజిస్ట్రేషన్ పోతుందని భయపడింది. బ్యాగుకు నీలం బొట్టు తను పెట్టలేదని పిల్లల మీద ఒట్టు వేసింది. అది నమ్మాను. కానీ కోపం ఆగలేదు.

“ముట్టుకోవద్దని చెప్పావు. ముట్టుకుంటే ఏమవుతుందో ఆ పిల్లకి ఒక్కసారైనా చెప్పావా?”

“చెప్తే భయపడి ఏ పనీ చెయ్యరు మేడమ్.”

“ఎవరికీ చెప్పలేదా?”

జెబ కళ్లు తుడుచుకుంటున్న చేయి ఆగింది. ఒక్కరికి చెప్పిందట. పొన్నమ్మకు. ఏజెన్సీలో ఒక్కో ఆయాకు వారానికో రోజు ఆఫ్ ఉంటుంది. ఎవరికి ఆఫ్ అయితే వాళ్లు పనిచేసే ఇంటికి ఆ రోజు పొన్నమ్మ వెళుతుంది. జెబ చూసే అయిదు ఇళ్లూ, ఆ ఇళ్లలో బొట్లన్నీ తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. వయసులో పెద్దది, నమ్మకమైనది. ప్యాచ్ మీద వేడి ఎందుకు పెట్టకూడదని ఆమే అడిగిందట. అంత వివరంగా అడిగిన ఆయాను జెబ ఎప్పుడూ చూడలేదు, సంతోషంగా చెప్పింది.

“ఆదివారం ఈ ఇల్లు. మరి ఈ రోజు, గురువారం, ఎక్కడ?”

“రాయపురం. అంతోని అని, హార్బరులో పనిచేసి రిటైరైన తాత. పగలు కొడుకు పనికి పోతాడు, ఇంట్లో ఆయా ఒక్కతే…” జెబ కోటు జేబులోంచి ఫోను తీసింది. “ఆయనకీ ప్యాచ్ ఉంది మేడమ్.”

ఒంటిగంటా నలభై ఎనిమిది. జెబ ఫోను లాక్కుని పొన్నమ్మ నంబరు నొక్కి స్పీకరు పెట్టాను. ఇంకో పక్క సుందర్‌రాజ్ అప్పటికే తన ఫోనులో రాయపురం స్టేషనును తమిళంలో తొందరపెడుతున్నాడు. ఇక్కణ్నుంచి మేం వెళ్లాలంటే ముప్పావుగంట. అక్కడి స్టేషను నుంచి పది నిమిషాలు.

మూడు రింగులకు ఎత్తింది. గొంతు నెమ్మదిగా, పడుకున్నవాళ్లు లేవకూడదన్నట్టుగా ఉంది.

“జెబమ్మా, చెప్పు.”

నా పేరు చెప్పాను. కోకిల తరఫున అని చెప్పాను. బ్యాగు పెట్టి ఉంటే వెంటనే తీసేయమన్నాను, ప్యాచ్ కూడా ఊడబెరికి తాతను తట్టి లేపమన్నాను. ఆమె అంతా విన్నది. మధ్యలో అడ్డు రాలేదు.

“కోకిలని వదిలేయమనమ్మా,” అంది. “ఆ బిడ్డకేం తెలీదు. దాని చేత్తో జరగాలని నేను అనుకోలేదు, ఆ రోజు మనసు రాక, మళ్లీ నా ఆదివారం దాకా ఆయన ఆగుతాడనుకున్నా. మంగళవారమే అది చేస్తాదని నాకేం తెలుసు. తెలిసినాక భయపడి మళ్లీ ఎర్రది అతికించినా.”

“అయితే బొట్టు ఎందుకు మార్చావు?”

“నాకు కూడా ఎర్రది ముట్టకూడదు గదమ్మా, నీలందయితేనే ముట్టొచ్చు. మీరు ఎర్ర బొట్టు పెట్టి వీళ్లని పోనీకుండా పట్టి ఉంచినారు. పదకొండేళ్లుగా అరుపులు వినేది నేను. ఈడ తాత ఇప్పుడు అరవడం లేదు.”

సుందర్‌రాజ్ తన ఫోనును చెవి నుంచి దించాడు. అతని ముఖంలో వెక్కిరింత లేదు. స్టేషనుకు ఇంకో ఫోను చేసి, కోకిల కాగితాలు కోర్టుకు పంపొద్దని రెండు ముక్కల్లో చెప్పాడు. రెండు రోజులుగా నేను కోరుకున్న మాట అది. విన్నాను గానీ, నాకు సంతోషం కలగలేదు.

“పొన్నమ్మా, తలుపు గడియ తియ్యి. పోలీసులు వస్తున్నారు.”

ఆమె ఫోను పెట్టేయలేదు, ఎక్కడో మంచం దగ్గర బల్ల మీద పెట్టినట్టుంది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. కొంచెం దూరంగా అడుగుల చప్పుడు, ఒక కుర్చీ జరిగిన చప్పుడు. వీటన్నిటి వెనక ఒక ముసలి మనిషి ఊపిరి.

నర్సుగా నేర్చుకున్నది చేతులు మరిచిపోవు. గడియారం తిప్పి పట్టుకుని లెక్కపెట్టాను. ఒక ఊపిరి. తర్వాతి దానికి పది సెకన్లు. ఆ తర్వాతి దానికి పద్నాలుగు. జెబ నా భుజం పట్టుకుంది. రాయపురం పోలీసులు ఇంకా ఎంత దూరంలో ఉన్నారని సుందర్‌రాజ్‌ను సైగతో అడిగాను. ఏడు నిమిషాలు అన్నట్టు వేళ్లు చూపించాడు.

నేను మళ్లీ గడియారం వైపు చూశాను. ఇరవై సెకన్లు దాటింది, ఫోనులో ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.